కొత్త వెబ్‌సైటు ఫలితమివ్వడానికి ఎంత కాలం పడుతుంది?



ఇటీవల కంబదూరు, కళ్యాణదుర్గం ప్రాంతాలలోని పాల సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు పాలకవర్గ సభ్యులు మమ్ములను అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "సంఘం పేరున వెబ్‌సైటు పెట్టించాము. డబ్బు కట్టి మూడు నెలలైంది. నెయ్యి కావాలని గూగుల్‌లో వెతికితే ఎవరెవరి పేర్లో వస్తున్నాయి గాని మన పేరు రావడం లేదు. ఇది దండగ ఖర్చేనా?" అని వారి ప్రశ్న. సర్వసభ్య సమావేశంలో సభ్యులకు జవాబు చెప్పుకోవలసిన వారు గనుక వారి ఆందోళన సహజమైనదే. ఖర్చు పెట్టినది సభ్యుల సొమ్ము. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంతో బ్రతికే ఈ మెట్ట ప్రాంతంలో, వేరుశనగ చేతికి రాని ఏడు కూడా ఇల్లు గడిపేది పాల సొమ్మే. అందులో ప్రతి రూపాయికీ లెక్క ఉండాలి.

అయితే ఈ ప్రశ్నకు "ఇన్ని రోజులు" అని ఒక్క మాటలో జవాబు లేదు. ఈ పని ఎట్లా జరుగుతుందో తెలిస్తే ఎంతకాలం ఆగాలో, ఎక్కడ ఆగరాదో సభ్యులే నిర్ణయించుకోగలరు. ఆ ఉద్దేశంతోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

గూగుల్ పని చేసే విధానం

గూగుల్ 1998లో అమెరికాలో మొదలైన సంస్థ. వెతికేవారికి పనికివచ్చే పుటలను ఏరి, వరుసగా పేర్చి చూపడం దాని పని. ఇది మూడు దశలలో జరుగుతుంది.

మొదటి దశలో గూగుల్ యంత్రాలు ఒక పుట నుండి మరొక పుటకు దారి పట్టుకొని పోతూ కొత్త పుటలను కనుగొంటాయి. మన వెబ్‌సైటుకు ఏ పుట నుండీ దారి లేకపోతే, రోడ్డు లేని పల్లెకు పాలవ్యాను రానట్లే, అవి మన దగ్గరకు రావడం ఆలస్యమవుతుంది. రెండవ దశలో పుటను చదివి, అందులో ఏమున్నదో పెద్ద రిజిస్టరులో ఎక్కించుకుంటాయి. ఎవరైనా వెతికినప్పుడు ఆ రిజిస్టరు నుండి తగిన పుటలను తీసి వరుసలో నిలబెట్టడం మూడవ దశ.

ఈ మూడింటిలో మొదటి రెండు దశలకు సాధారణంగా కొద్ది రోజుల నుండి కొద్ది వారాలు పడుతుంది. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. రిజిస్టరులో పేరు ఎక్కడం వేరు, వరుసలో ముందు నిలవడం వేరు. సంఘంలో సభ్యత్వం పుచ్చుకున్న రోజే ఎవరూ అధ్యక్షులు కారు గదా!

వరుసను నిర్ణయించేటప్పుడు గూగుల్ అనేక విషయాలు చూస్తుంది. వెతికిన మాటకు పుటలోని విషయం సరిపోతున్నదా, పుట సెల్‌ఫోనులో సరిగా తెరుచుకుంటున్నదా, ఇతర నమ్మకమైన పుటలు దీనిని పేర్కొంటున్నాయా అన్నవి వానిలో ముఖ్యమైనవి. ఒక పుట మరొక పుటకు దారి చూపడాన్ని మొదటి నుండీ గూగుల్ ఒక ఓటుగా లెక్కిస్తున్నది. మన సహకార సూత్రం ప్రకారం ఒక మనిషికి ఒకే ఓటు, అన్ని ఓట్లూ సమానమే. గూగుల్ లెక్కలో మాత్రం నమ్మకమైన పుట ఇచ్చిన ఓటుకు విలువ ఎక్కువ. సమాఖ్య వెబ్‌సైటులో సభ్య సంఘాల జాబితా ఉండి, అక్కడి నుండి మన సంఘానికి దారి ఉంటే, ఊరూపేరూ లేని వంద పుటల ఓట్ల కంటె అది మేలు.

ఎన్ని నెలలు?

గూగుల్ సంస్థ 2017లో వ్యాపారస్థులకు సలహా చెబుతూ, వెబ్‌సైటులో మార్పులు చేసి వాని ప్రయోజనం కనబడడానికి చాలావరకు నాలుగు నెలల నుండి ఒక సంవత్సరం పడుతుందని చెప్పింది. అదే 2017లో అహ్రెఫ్స్ అనే సంస్థ పెద్ద ఎత్తున పుటలను పరిశీలించగా, కొత్తగా పెట్టిన పుటలలో ఒక సంవత్సరంలోగా మొదటి పది స్థానాలకు చేరినవి నూటికి 6 కంటె తక్కువని తేలింది. 2025లో మళ్లీ చూసేసరికి ఆ లెక్క నూటికి 2కు లోపే ఉన్నది. అనగా పోటీ పెరుగుతున్నదే గాని తగ్గడం లేదు.

ఈ అంకెలు చూసి నిరాశ పడనక్కరలేదు. ఏ మాటతో వెతికితే మనం కనబడాలని కోరుకుంటున్నామో దానిని బట్టి కాలం మారుతుంది.

సంఘం పూర్తి పేరుతో వెతికితే, ఆ పేరు మరొకరికి లేకపోతే, కొద్ది వారాలలోనే కనబడవచ్చు. "కంబదూరు ఆవు నెయ్యి", "కళ్యాణదుర్గం దగ్గర పాలకోవ" వంటి ఊరి పేరుతో కూడిన మాటలకు పోటీ తక్కువ. సక్రమంగా పని చేస్తే కొద్ది నెలలలో ఫలితం ఆశించవచ్చు. ఉత్త "నెయ్యి" అన్న మాటకు మాత్రం దేశంలోని పెద్ద పెద్ద డెయిరీలన్నీ పోటీలో ఉంటాయి. అక్కడ ఒక గ్రామ సంఘం ఏడాదికి గాదు, అయిదేళ్లకు కూడా ముందుకు రాకపోవచ్చు. ఆ మాట కోసం డబ్బు ఖర్చు పెట్టవద్దని మా సలహా.

కాలం పట్టడం పాడి రైతులకు కొత్త సంగతి కాదు. ఆవు చూలు తొమ్మిది నెలల పైచిలుకు, ఎనుము చూలు పది నెలల పైచిలుకు. మేత రెండింతలు వేసినంత మాత్రాన అది అయిదు నెలలకు ఈనదు. అలాగని చూడి పశువుకు మేత మానేసినా నష్టమే.

పేరు నిలవడానికి ఎంత కాలం పడుతుందో సహకార చరిత్రలోనే చూడవచ్చు. 1946 డిసెంబరు 14న రిజిస్టరైన గుజరాత్‌లోని కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం, 1948లో బొంబాయికి పాలు పంపడం మొదలుపెట్టినప్పుడు రోజుకు సుమారు 250 లీటర్లే పంపింది. అమూల్ అనే పేరు 1950ల మధ్యలో గాని రాలేదు. ఈనాడు ఆ పేరు వెతకకుండానే అందరికీ తెలుసు.

ఒక సంఘం అనుభవం

మా పరిధిలోని ఒక సంఘం నెయ్యి అమ్మకం కోసం వెబ్‌సైటు పెట్టించింది. ముప్పై రోజులలో గూగుల్‌లో మొదటి స్థానం తెప్పిస్తానని ఒక వ్యక్తి మాట ఇచ్చి, ఏడాది రుసుం ముందుగానే తీసుకున్నాడు. రెండు నెలలు గడిచినా ఏమీ కనబడలేదు. సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "మా దూడల నోటి పాలు పిండి తెచ్చి పోస్తున్నాము. ఆ సొమ్ము ఎక్కడికి పోయింది?" అని అడిగింది. కార్యదర్శి జవాబు చెప్పలేకపోయినాడు.

ఆ తరువాత తనిఖీకి వెళ్లిన మేము కూడా, ఈ ఖర్చు వెంటనే నిలిపివేయవలసినదిగా నివేదికలో వ్రాశాము. వెబ్‌సైటును తెరిచి చూడకుండా అట్లా వ్రాయడం మా తొందరపాటని ఇప్పుడు ఒప్పుకోవలసి ఉన్నది. మరుసటి నెలలో కార్యదర్శి, డిగ్రీ చదువుతున్న ఆయన కుమార్తె, మేము కూర్చొని పుటలన్నీ చూడగా మూడు లోపాలు బయటపడ్డాయి.

మొదటిది అక్షరాలకు సంబంధించినది. డి.టి.పి. సెంటర్లలో కరపత్రాలకు వాడే పాత ఫాంటుతో తెలుగు అచ్చు చేయించి, దానిని ఫోటోగా తీసి పెట్టారు. మన కంటికి అది చక్కని తెలుగే. యంత్రానికి మాత్రం అది ఒక బొమ్మ. కొన్ని పుటలలో పాత ఫాంటు అక్షరాలనే నేరుగా పెట్టడం వల్ల యంత్రానికి అవి అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడినాయి. యంత్రాలన్నీ ఒకే రీతిగా చదవగలిగేది యూనికోడ్ పద్ధతి. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు చోటు ఉన్నది. సెల్‌ఫోనులో మనం తెలుగులో పంపే సందేశాలు ఆ పద్ధతిలోనివే. కనుక ఫోనులో టైపు చేయగలిగిన వారెవరైనా వెబ్‌సైటుకు విషయం వ్రాయగలరు.

రెండవది, "మా గురించి" అన్న పుటలోని విషయం మరొక డెయిరీ నుండి యథాతథంగా దించినది. కంబదూరు పేరు అందులో ఒక్కచోట కూడా లేదు! మూడవది అన్నిటికంటె ప్రమాదకరమైనది. వెబ్‌సైటు చిరునామా సంఘం పేరున గాక, దానిని తయారు చేసిన వ్యక్తి పేరున రిజిస్టరై ఉన్నది. అతడు కాదంటే సంఘానికి మిగిలేది ఏమీ లేదు.

ఆ అమ్మాయి రెండు వారాలలో పుటలన్నీ యూనికోడ్‌లో తిరిగి వ్రాసింది. సంఘం ఎక్కడున్నదీ, ఏ వేళకు పాలు పోస్తారు, నెయ్యి ఎట్లా కాస్తారు, ఆహార భద్రత లైసెన్సు నెంబరు, ధర, తెప్పించుకునే విధానం అన్నీ తమ మాటలలో పెట్టింది. ఊరి పేరును తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాసింది. మల్లికార్జున స్వామి గుడి చూడడానికి వచ్చేవారు సంఘం అమ్మకపు కౌంటరుకు ఎట్లా రావాలో కూడా చేర్చింది. చిరునామాను సంఘం పేరుకు మార్పించడానికి మాత్రం పెద్దమనుషుల మధ్యవర్తిత్వం అవసరమైంది.

నెల తిరిగేసరికి సంఘం పేరుతో వెతికితే పుట కనబడింది. అయిదవ నెలలో కళ్యాణదుర్గం నుండి ఒక మిఠాయి దుకాణం వారు, ఆ తరువాత బెంగుళూరులో స్థిరపడిన మన ప్రాంతంవారు ఇద్దరు ఫోను చేశారు. అమ్మకం స్వల్పమే. ఆ ఏడాది బోనసులో దాని వల్ల చెప్పుకోదగిన తేడా రాలేదు. అయితే ప్రశ్న అడిగిన సభ్యురాలికి చూపడానికి కార్యదర్శి చేతిలో ఆర్డర్ల పుస్తకం ఉన్నది. మా పాత వ్యాఖ్యను మేము తరువాతి నివేదికలో సవరించుకున్నాము.

నీళ్లు కలిపిన పాలు

త్వరగా ముందుకు వచ్చే మార్గాలు ఉన్నాయని కొందరు చెబుతారు. ఒకే మాటను పుట నిండా వందసార్లు వ్రాయడం, డబ్బు ఇచ్చి ఇతర పుటల నుండి దారులు కొనడం అటువంటివి. ఇవి పాలలో నీళ్లు కలపడం వంటివి. కొలత పెరుగుతుంది, లాక్టోమీటరు పెట్టే వరకే. గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే పేరుతో ప్రవేశపెట్టిన పద్ధతి ఈ కొనుగోలు దారులను పట్టుకోవడానికి వచ్చినదే. దాని దెబ్బకు ఎన్నో వెబ్‌సైట్లు వెనుకబడి, తిరిగి కోలుకోవడానికి నెలల తరబడి పట్టింది.

మొదటి స్థానం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ సంస్థే స్పష్టంగా చెబుతున్నది. మామూలు వరుసలో ముందుంచడానికి అది డబ్బు తీసుకోదు. డబ్బు కట్టి వేయించుకునే ప్రకటనలు వేరే ఉంటాయి, వానిపై ప్రకటన అని గుర్తు ఉంటుంది. డబ్బు ఆగిన రోజే అవీ ఆగుతాయి. 2024 ఆగస్టు నుండి మన దేశంలో కొన్ని ప్రశ్నలకు గూగుల్ తానే కృత్రిమ మేధతో జవాబు కూర్చి పైన చూపుతున్నది. ఆ జవాబుకు కూడా ఆధారం పుటలలోని విషయమే గనుక చేయవలసిన పని మారలేదు.

పాలకవర్గాలు పాటించవలసినవి

1. వెబ్‌సైటు చిరునామా సంఘం పేరుననే ఉండాలి. గడువు తేదీని రిజిస్టరులో వ్రాసుకొని ముందుగా పునరుద్ధరించాలి. గడువు దాటి చిరునామా ఇతరుల పాలైతే ఏళ్ల శ్రమ పోతుంది.

2. కార్యదర్శి మారినప్పుడు తాళాలు, రశీదు పుస్తకాలతో పాటు పాస్‌వర్డులు కూడా చార్జి జాబితాలో చేరాలి.

3. బయటివారికి పని అప్పగిస్తే ఏ పుటలు, ఏ పని, ఏ తేదీకి అన్నది తీర్మానంలో ఉండాలి. పని చూసి వాయిదాలలో చెల్లించాలి. స్థానం హామీ ఇచ్చేవారిని దూరంగా ఉంచాలి.

4. గూగుల్‌లో వ్యాపార వివరాలు, చోటు పటంతో సహా నమోదు చేసుకునే ఏర్పాటు ఉచితం. అమ్మకపు కౌంటరు ఉన్న సంఘాలు ముందు ఇది చేయాలి. దగ్గరలోని కొనుగోలుదారులకు ఇదే త్వరగా ఉపయోగపడుతుంది.

5. సెర్చ్ కన్సోల్ అనేది కూడా గూగుల్ ఉచితంగా ఇచ్చేదే. ఎన్నిసార్లు మన పుట కనబడింది, ఎందరు తెరిచారు, ఏ మాటతో వెతికారు అన్నది అందులో తెలుస్తుంది. వెన్న శాతం రిజిస్టరు వలె నెలకు ఒకసారి చూసి నమోదు చేస్తే చాలు. రోజూ చూడడం, విత్తిన గింజను తవ్వి చూసినట్లు.

6. దసరా, దీపావళి గిరాకీ కోరేవారు ఉగాది నాటికే పుటలు సిద్ధం చేయాలి. పండుగ నెలలో మొదలుపెడితే ఆ ఏడాదికి అందదు.

7. మొదటి ఏడాది వెబ్‌సైటు రాబడిని బడ్జెటులో లెక్కించవద్దు.

ఎప్పుడు ఆపాలి?

నెల దాటినా సంఘం పేరుతోనే పుట కనబడకపోతే ఎక్కడో లోపం ఉన్నది. వేచి ఉండక పరీక్ష చేయించాలి. ఆరు నెలలకు ఊరి పేరుతో కూడిన మాటలకు కూడా కదలిక లేకపోతే, పుటలలోని విషయాన్ని మార్చాలి. ఏడాది తరువాత కూడా ఒక్క ఫోను రాకపోతే, బయటివారికి ఇచ్చే రుసుం ఆపి, చిరునామాను మాత్రం నిలుపుకుంటే చాలు. ఈ మూడు గడువులను మొదటి రోజునే తీర్మానంలో వ్రాసుకుంటే సర్వసభ్య సమావేశంలో తల దించుకోవలసిన పని ఉండదు.

వెబ్‌సైటు పాలు పోయదు, నెయ్యి కాయదు. మంచి సరుకు ఉన్న సంఘానికి అది దూరపు కొనుగోలుదారును చూపిస్తుంది, అంతే. వచ్చినవాడు మళ్లీ రావాలంటే డబ్బాలోని నెయ్యి బాగుండాలి. ఆ బాధ్యత ఉదయం, సాయంత్రం పాలు పోసే సభ్యులది, వాటిని నిజాయితీగా పరీక్షించే సిబ్బందిది. ఈ విషయమై సందేహాలున్న సంఘాలు తమ పాలకవర్గ సమావేశంలో చర్చించి, తదుపరి తనిఖీ సమయంలో మా దృష్టికి తీసుకురావలసినదిగా కోరుతున్నాము.