ట్రైలర్‌కి లైక్ కొట్టే ముందు... ఒక్క నిమిషం!

పామర్రు సెంటర్లో పొద్దున్నే విజయవాడ బస్సు కోసం నిలబడేవాళ్లలో మీరూ ఒకరా? భుజాన బ్యాగు, చేతిలో ఫోను. బస్సు ఉయ్యూరు దాటేలోపే ఫ్రెండ్స్ గ్రూపులో రచ్చ మొదలవుతుంది. ఒకడు రాజకీయ సినిమా ట్రైలర్ పెడతాడు. ఇంకొకడు ‘డబ్బులిచ్చి తీయించారు’ అంటాడు. మూడోవాడు ఏకంగా బూతుల్లోకి దిగుతాడు. సినిమా చూసినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు!

సరే, అదే ప్రశ్న రేపు గ్రూప్ డిస్కషన్‌లో ఎదురైతే? ‘రాజకీయ సినిమాలు ఓటరును మారుస్తాయా?’ అంటే ఏం చెబుతారు? అక్కడ అభిమానం పనికిరాదు, ఆధారాలు కావాలి. అవి మన ఊరి చుట్టూనే ఉన్నాయి.

నిమ్మకూరు చెప్పే పాఠం

ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు పామర్రు మండలంలోనే ఉంది. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారాయన. సినిమా బలం రాజకీయాల్లో ఎంత పనిచేస్తుందో చెప్పడానికి అందరూ ఎత్తే ఉదాహరణ ఇదే. కానీ రెండో వైపూ చూడండి. నియోజకవర్గాల పునర్విభజనతో ఏర్పడిన పామర్రు (ఎస్సీ) స్థానానికి 2009లో తొలి ఎన్నిక జరిగింది. అప్పుడు కాంగ్రెస్ గెలిచింది. 2014, 2019లో వైసీపీ గెలిచింది. ఎన్టీఆర్ సొంతూరున్న ఈ స్థానంలో తెలుగుదేశం జెండా ఎగరడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. వెండితెర మీద అభిమానం వేరు, ఓటు లెక్క వేరు.

సినిమాల లెక్కా అంతే. 2019 ఎన్నికల ముందు ‘యన్.టి.ఆర్’ రెండు భాగాలుగా వచ్చింది, ‘యాత్ర’ వచ్చింది. ఆ ఏడాది వైసీపీ 151 స్థానాలు గెలిచింది. 2024 ఎన్నికల ముందు ‘యాత్ర 2’, ‘వ్యూహం’ వచ్చాయి. ఈసారి వైసీపీకి దక్కినవి 11. సినిమా గెలిపిస్తుందనీ, ఓడిస్తుందనీ తేల్చి చెప్పడం కష్టమే.

స్వేచ్ఛ ఎవరిది?

‘వ్యూహం’ ఆపాలని నారా లోకేశ్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. అమరావతి రైతుల నేపథ్యంలో వచ్చిన ‘రాజధాని ఫైల్స్’పై వైసీపీ నేత లేళ్ల అప్పిరెడ్డి ఏపీ హైకోర్టును ఆశ్రయించారు. 2024 ఫిబ్రవరి 15న విడుదలైన రోజే స్టే వచ్చింది, మర్నాడే తొలగిపోయింది. మనవాళ్ల సినిమా అయితే భావప్రకటన స్వేచ్ఛ, ఎదుటివాళ్లదైతే విషప్రచారం! రెండు వైపులా ఇదే వరస.

ఇక్కడ పోటీ పరీక్షలకు పనికొచ్చే పాయింట్లున్నాయి. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ భావప్రకటన స్వేచ్ఛ ఇస్తుంది, 19(2) దానికి సహేతుక పరిమితులు పెడుతుంది. గొడవలు చేస్తామని ఎవరో బెదిరించినంత మాత్రాన సినిమాను ఆపకూడదని 1989లో ఎస్.రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

విసుగుకు కారణముంది

‘ఎవరొచ్చినా ఇంతే కదండీ’ అని మీకు అనిపిస్తే అందులో తప్పేం లేదు. 2014లో పామర్రు ఓటర్లు వైసీపీ తరఫున గెలిపించిన ఎమ్మెల్యే మధ్యలో తెలుగుదేశంలో చేరారు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985 నుంచీ ఉంది. అయినా ఓటేసినవాళ్లను ఎవరూ అడగలేదు. టీచర్ పోస్టుల సంగతే తీసుకోండి. 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష జరగకుండానే ప్రభుత్వం మారింది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఈలోగా బీఎడ్ చేసి ఎదురుచూసినవాళ్ల వయసు ఆగలేదు.

ఆ విసుగుకు నోటా ఒక దారి. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రంలో నోటాకు పడిన ఓట్లు కాంగ్రెస్ కన్నా, బీజేపీ కన్నా ఎక్కువ. అయితే అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకే ఎక్కువ ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ముందున్నవారే గెలుస్తారు.

మరి మార్పు తెచ్చేదెవరు? ఓడిన ప్రధాన పార్టీకి 2019లోనూ, 2024లోనూ దాదాపు 39 శాతం ఓట్లు వచ్చాయి. వీరాభిమానులు ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. అటూ ఇటూ కదిలిన కొద్దిమందే ప్రభుత్వాన్ని మారుస్తున్నారు. పార్టీలు భయపడేది వాళ్లకే. ఆ కొద్దిమందిలో మీరుంటే మీ ఓటుకు విలువ ఎక్కువ.

ఉద్యోగం వెతుకుతున్నారా? ఇవి గుర్తుంచుకోండి

* కోపంలో పెట్టిన పోస్టు డిలీట్ చేసినా స్క్రీన్‌షాట్ మిగిలే ఉంటుంది. రెండు ప్రభుత్వాల హయాంలోనూ పోస్టులపై కేసులు పడ్డాయి.

* ప్రభుత్వ ఉద్యోగాల వెరిఫికేషన్ ఫారాల్లో కేసుల వివరాలు అడుగుతారు. దాచిపెడితే ఉద్యోగానికే ఎసరు.

* విమర్శ మీ హక్కు. కులం పేరు, బూతు, మార్ఫింగ్ ఫొటో మాత్రం విమర్శ కాదు.

* ఇంటర్వ్యూలో రాజకీయ సినిమా గురించి అడిగితే పార్టీ పేరుతో మొదలెట్టకండి. ముందు వాస్తవం, తర్వాత రెండు వాదనలు, చివర్లో మీ అభిప్రాయం.

సినిమా చూడండి, నచ్చితే ఈల వేయండి. కానీ డీఎస్సీ ఎప్పుడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎక్కడ ఆగిందని అడగడం మాత్రం మానకండి. ఆ ప్రశ్నలు ఏ హీరో మీ తరఫున అడగడు.