ముందు వినాలి... తర్వాతే మాట్లాడాలి!

రెండు సెల్‌ఫోన్లను టేబుల్ మీద ఎదురెదురుగా పెట్టి, రింగ్‌టోన్ వచ్చేదాకా కదలకుండా కూర్చున్న రోజులు గుర్తున్నాయా? బ్లూటూత్ అందరికీ రాకముందు ఆ పని చేసిపెట్టింది ఇన్‌ఫ్రారెడ్. కంటికి కనపడని ఆ వెలుగుకు మాటమర్యాద నేర్పింది 1993లో ఏర్పడిన ఇన్‌ఫ్రారెడ్ డేటా అసోసియేషన్.

ఆ నిబంధనల ప్రకారం ఫోన్ ముందు అర సెకను మౌనంగా వింటుంది. దగ్గర్లో వేరే సంభాషణ లేకపోతేనే 'ఎవరున్నారు?' అని పిలుస్తుంది. అందరూ ఒకేసారి పలికితే గందరగోళం కదా... అందుకే ఒక్కో పరికరం తనకు తోచిన వంతు ఎంచుకుని జవాబిస్తుంది. పరిచయమంతా సెకనుకు 9600 బిట్ల నింపాది వేగంతోనే. ఆ తర్వాతే ఇద్దరూ అందుకోగల వేగం ఖాయమవుతుంది.

ఇక మాటలు వంతులవారీగానే. తాను పంపే వెలుగే తన కళ్లను కమ్మేస్తుంది మరి! ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినాల్సిందే. వంతు అర సెకను దాటకూడదు.

మధ్యలో చెయ్యి అడ్డొస్తే? వెంటనే తెగదెంపులుండవు. ముందే ఒప్పుకున్న గడువు... 3 నుంచి 40 సెకన్ల దాకా... మళ్లీ మళ్లీ పిలుస్తుంది. బదులొస్తే ఆగినచోటి నుంచే మొదలు!

మన టీవీ రిమోట్‌దీ ఇలాంటి వెలుగే. కానీ అది చెప్పడమే తప్ప వినదు. అందుకే బటన్ రెండోసారి నొక్కేది మనమే!