గీతకు అటు 490, ఇటు 510: రోడ్డు ఏం మార్చిందో తేల్చే లెక్క

రోడ్డు పడితే వాడ బతుకు మారుతుందా? మారుతుందనే మనమంతా అంటాం, ప్రభుత్వమూ అంటుంది. రోడ్డున్న ఊళ్లనూ లేని ఊళ్లనూ పోలిస్తే ఉన్నవే బాగున్నట్టు కనిపిస్తాయి. కానీ అది రుజువు కాదు. భూములు, పలుకుబడి ఉన్న ఊరికే రోడ్డు ముందు వచ్చి ఉండొచ్చు. అప్పుడు ఆ బాగు రోడ్డు తెచ్చిందా, పలుకుబడి తెచ్చిందా?

ఈ చిక్కు విప్పే పద్ధతి పేరు రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ. అమెరికాలో థిసిల్‌త్వెయిట్, క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు 1960లో దీన్ని విద్యార్థుల మార్కులపై వాడారు. కటాఫ్‌కు ఒక మార్కు పైనున్న వారికీ, ఒక మార్కు కిందున్న వారికీ చదువులో పెద్ద తేడా ఉండదు. కానీ ఒకరికి గుర్తింపు దక్కుతుంది, ఇంకొకరికి దక్కదు. తర్వాత గీత దగ్గర వారి దారులు ఒక్కసారిగా వేరుపడితే, దానికి కారణం ఆ గుర్తింపే అనొచ్చు.

మన రోడ్లకూ అలాంటి గీత ఉంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతాల్లో 500, ఆపై జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు వేస్తామంది. అందులోనూ 1000 దాటినవాటికి ముందు. సామ్ ఆషర్, పాల్ నొవొసాద్ ఈ గీతలనే పట్టుకుని చేసిన అధ్యయనం 2020లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది. రోడ్డు పడిన నాలుగేళ్లకు కొందరు వ్యవసాయం వదిలి వేరే పనులకు మళ్లారు. పంటల్లో, ఆదాయంలో, ఆస్తుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రోడ్డు మనల్ని పనికి బయటికి తీసుకెళ్తుంది. సెంటు భూమి మాత్రం ఇవ్వదు.

ఇలాంటి లెక్క ఎవరు చూపినా మనం మూడు ప్రశ్నలు వేయాలి.

ఒకటి, అంకెలు దిద్దారా? పథకం రికార్డుల్లో జనాభా గీతకు కాస్త పైకి జరిగిన జాడలు కనిపించాయి. అందుకే వారు జనగణన అంకెలు తీసుకున్నారు.

రెండు, గీతను నిజంగా పాటించారా? నిబంధన పాటించిన ఆరు రాష్ట్రాలనే వారు ఎంచుకున్నారు. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ ఫలితాన్ని తెచ్చి నెల్లూరుకు అంటించలేం.

మూడు, గీతకు దూరంగా ఎవరున్నారు? ఈ పద్ధతి గీత పక్కనున్న ఊళ్ల సంగతే చెబుతుంది. వంద మందున్న యానాది కాలనీ ఆ గీత దరిదాపుల్లోకే రాదు.

నెల్లూరు తీరంలో అసలు సమస్య ఇక్కడే ఉంది. అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు వైపు ఊరు ఒకచోట ఉంటే దళితవాడ ఇంకోచోట ఉంటుంది. పథకం నిబంధన ప్రకారం, రోడ్డున్న ఆవాసానికి 500 మీటర్ల లోపున్న వాడకు రోడ్డు ఉన్నట్టే లెక్క. 400 మీటర్ల బాట వానాకాలమంతా బురదైనా కాగితంపై అది రోడ్డున్న వాడే. పై అధ్యయనం కూడా గ్రామాన్నే ఒక్కటిగా కొలిచింది. ఊరి సగటులో వాడ కనిపించదు.

కాబట్టి సర్వేకు వెళ్లే విద్యార్థులు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టే కార్యకర్తలు ఊరి లెక్కతో ఆగిపోవద్దు. వాడవారీగా జనాభా, రోడ్డు పడిన తేదీ, ఊరి నుంచి వాడకు దూరం అడగాలి. ఎస్సీలు సగానికి మించిన గ్రామాలకంటూ మొదలైన ప్రధానమంత్రి ఆదర్శ్ గ్రామ్ యోజనకూ మొదట్లో 50 శాతం గీత ఉండేది. అక్కడా ఇవే ప్రశ్నలు వేయాలి. గీతకు అటూ ఇటూ పోల్చే ముందు, ఆ గీత ఎవరిని లెక్కలోకే రానివ్వలేదో చూడాలి.