పింక్ ఫ్లాయిడ్‌ది ప్రోగ్రెసివ్ రాకేనా?

పాశ్చాత్య సంగీతం వినే అలవాటున్న విద్యార్థులు నలుగురు ఒకచోట చేరితే ఎప్పటికీ తెగని వాదం ఒకటుంది. పింక్ ఫ్లాయిడ్ బృందాన్ని ప్రోగ్రెసివ్ రాక్ కింద లెక్కవేయాలా, వద్దా? "అది కాకపోతే ఇంకేది?" అంటారొకరు. "అందులో ప్రోగ్రెసివ్ ఏముందండీ, నిదానంగా వాయించిన బ్లూస్ పాటలు!" అని కొట్టిపారేస్తారింకొకరు. మా హాస్టల్లో ఈ వాదన మెస్సు మూసేదాకా నడిచి, ఆ తర్వాత గదుల్లోకి మారడం నేనెన్నోసార్లు చూశాను. రెండు పక్షాలవారూ గొంతు పెంచుతారే గాని, తాము ఏ కొలబద్దతో కొలుస్తున్నారో మాత్రం చెప్పరు. ఆ కొలబద్ద సంగతి కాస్త తీరిగ్గా చూద్దామనే ఈ వ్యాసం.

"పేరులో ఏముంది? పాట బాగుంటే చాలదా?" అని మీరడగవచ్చు. పేరులో ఉంది. "ఇది అసలైన సరుకు కాదు" అని ఒక సీనియర్ తీర్పు చెబితే కొత్తగా వచ్చిన కుర్రవాడు ఆ రికార్డు జోలికే పోడు. "ఇది మహా గొప్ప కోవకు చెందినది" అంటే నచ్చకపోయినా తలూపుతాడు. రెండు సందర్భాల్లోనూ చెవి పని మానేస్తుంది. సీసా మీద అంటించిన చీటీయే మందైపోతుంది.

ముందు మాట సంగతి. మన తెలుగువాళ్ళకి "ప్రోగ్రెసివ్" అనగానే "అభ్యుదయం" స్ఫురిస్తుంది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల మహాసభ జరిగిన నాటినుంచీ మన సాహిత్యంలో ఆ మాటకు సామాజిక దృక్పథమనే అర్థం స్థిరపడిపోయింది. ఇక్కడ ఆ అర్థం పనికిరాదు. 1960ల చివర బ్రిటన్‌లో రాక్ సంగీతం గురించి ఈ మాట వాడినవారి ఉద్దేశం వేరు. మూడు నిమిషాల నృత్యగీతంగా ఉన్న రాక్‌ను కూర్చుని వినదగ్గ సంగీతంగా పెంచాలని వాళ్ళ పట్టుదల. ముందుకు నడవవలసింది ఇక్కడ సమాజం కాదు, పాట.

1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్', అదే ఏడు మూడీ బ్లూస్ 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్' ఇందుకు దారి వేశాయి. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ మొదటి రికార్డు వచ్చింది. 1970లో ఏర్పడిన ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందం ముసోర్గ్‌స్కీ రాసిన పియానో రచన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'ను రాక్ వాద్యాల మీదికి తెచ్చింది. 1972లో యెస్ బృందం 'క్లోజ్ టు ది ఎడ్జ్' అనే ఒక్క రచనతో రికార్డులో ఒక పక్కంతా నింపేసింది. ఆ ఏడే జెనెసిస్ వారి 'సప్పర్స్ రెడీ' సుమారు 23 నిమిషాలు సాగింది. అందులో ఒక ఘట్టానికి ఏకంగా తాళం లెక్కే పేరులో పెట్టారు, 'అపోకలిప్స్ ఇన్ 9/8' అని.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే నాలుగు లక్షణాలు తేలతాయి. ఒకటి, పల్లవి-చరణాల చట్రం దాటిన దీర్ఘరచన. రెండు, మామూలు నాలుగు దెబ్బల నడక వదిలి వంకర తాళాలు, వాటితోపాటు వాద్యాల మీద అసాధారణ ప్రావీణ్యం. మూడు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచి, జాజ్ నుంచి తెచ్చుకున్న సామగ్రి. నాలుగు, రికార్డు మొత్తానికి ఒకే ఇతివృత్తం. ఇక మన ముద్దాయిని బోనెక్కిద్దాం.

పింక్ ఫ్లాయిడ్ 1965లో లండన్‌లో పుట్టింది. రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ ముగ్గురూ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదవడానికి చేరినవాళ్ళు. అంటే మనలాంటి కాలేజీ సరుకే! నాయకుడు సిడ్ బారెట్ 1968లో వెళ్ళిపోయాడు. అంతకు కొద్దికాలం ముందే డేవిడ్ గిల్మర్ గిటారు పట్టుకుని వచ్చి చేరాడు.

దీర్ఘరచన విషయంలో వీళ్ళకు నూటికి నూరు మార్కులు వేయాలి. 1970 నాటి 'ఆటమ్ హార్ట్ మదర్' ఇత్తడి వాద్యాలతో, బృందగానంతో 23 నిమిషాలకు పైగా సాగుతుంది. మరుసటి ఏడు వచ్చిన 'ఎకోస్' కూడా దాదాపు అంతే. యెస్, జెనెసిస్ తమ పెద్ద రచనలు వెలువరించకముందే ఈ పని జరిగింది. నాలుగో లక్షణానికీ ఢోకా లేదు. 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' కాలం, డబ్బు, మృత్యువు, మతిచలనం అనే ఒత్తిళ్ళ చుట్టూ అల్లిన మాల. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. 1977 నాటి 'యానిమల్స్' ఆర్వెల్ నవల 'యానిమల్ ఫామ్' నుంచి ప్రేరణ పొందింది.

చిక్కంతా రెండో, మూడో ప్రశ్నల దగ్గరే. 'మనీ' పాటలో ఏడు దెబ్బల తాళం వినిపిస్తుంది; మన మిశ్రచాపు అలవాటున్న చెవికి అదేమంత వింతగా తోచదు. అయితే గిటారు వంతు వచ్చేసరికి హాయిగా నాలుగు దెబ్బల్లోకి దిగిపోతుంది. అడుగున ఉన్నది అచ్చమైన బ్లూస్ కట్టడమే. గిల్మర్ వేగం చూపించడు. ఒక్క స్వరాన్ని పట్టి లాగి, అది ఆరిపోయేదాకా ఆగుతాడు. కీత్ ఎమర్సన్ చేతివాటం రైట్ దగ్గర కనిపించదు. శాస్త్రీయ సంగీతపు పోకడ గట్టిగా ఉన్నది 'ఆటమ్ హార్ట్ మదర్'లోనే. దాన్ని తర్వాతి కాలంలో వాటర్స్, గిల్మర్ ఇద్దరూ తేలిగ్గా తీసిపారేశారు. కాబట్టి "కాదు" అనే పక్షంవారు గాలిలో మాట్లాడడంలేదు. యెస్‌నో, జెనెసిస్‌నో నమూనాగా పెట్టుకుంటే పింక్ ఫ్లాయిడ్ సగం మార్కుల దగ్గర ఆగిపోతుంది.

కాని నా అభ్యంతరం ఆ నమూనాతోనే. రాక్‌ను ముందుకు తీసుకుపోవడానికి వేళ్ళ వేగమొక్కటే మార్గమా? వీళ్ళు స్టూడియోనే ఒక వాద్యంగా మార్చారు. 'మనీ' మొదట్లో వినిపించే నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు టేపు ముక్కలు కోసి, అతికి, చుట్టలా తిప్పి లయకు కట్టినవి. 'ఆన్ ది రన్'లో సింథసైజర్ మీద చిన్న స్వరవరుసనొకదాన్ని అతివేగంగా తిరగనిచ్చి, పరుగెత్తే మనిషి ఆదుర్దా వినిపించారు. 'ఎకోస్' మొదలయ్యే ఆ "టింగ్" మనే చుక్క, పియానో మీది ఒక్క స్వరాన్ని తిరుగుడు స్పీకరు గుండా పంపగా వచ్చినది. కష్టమైన స్వరాలు వాయించడం ఒక విద్య అయితే, తేలిక స్వరానికి కొత్త శరీరం ఇవ్వడం మరో విద్య. రెండోదానికి మార్కులు లేవనడం పరీక్ష పత్రంలోని లోపమే.

ఇంకో సాక్ష్యం శత్రుపక్షం నుంచి. 1970ల నడుమ పంక్ కుర్రవాళ్ళు ఈ దీర్ఘరచనల మీద తిరగబడ్డారు. వారిలో పేరుమోసిన జాన్ లైడన్ తొడుక్కున్నది పింక్ ఫ్లాయిడ్ బనీను. దానిమీద "అసహ్యం" అన్న అర్థం వచ్చేలా స్వయంగా రాసుకున్నాడు. కోటను కూల్చదలచినవాడికి ఏ బురుజు ముఖ్యమో బాగా తెలుస్తుంది!

అలాగని బృందానికి మొత్తంగా ఒకే ముద్ర వేయడమూ తప్పే. 1967 నాటి మొదటి రికార్డు ప్రధానంగా సైకెడెలిక్ పాటల సంపుటి. 1979 నాటి 'ది వాల్' ఇతివృత్తంలో ఒకే కథ అయినా, కట్టడంలో ఎక్కువభాగం పొట్టి పాటలే. వాటిలో బాగా పేరొచ్చిన పాట డిస్కో నడకతో బ్రిటన్‌లో మొదటి స్థానానికెక్కింది. అందుచేత నా తీర్పు ఇది: 1969-1977 మధ్య పింక్ ఫ్లాయిడ్ ప్రోగ్రెసివ్ రాకే. దానికి ముందూ వెనకా రికార్డును బట్టి చెప్పాలి గాని, బృందాన్ని బట్టి కాదు.

ఈ వాదంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న వేరే ఉంది. "ప్రోగ్రెసివ్" అనేది మొదట ఒక గుణం. పోనుపోను ఒక సరుకు పేరైపోయింది. ఈవేళ ఎవరైనా 1972 నాటి వాద్యాలతో, 1972 నాటి తాళాలతో, 20 నిమిషాల రచన ఒకటి చేస్తే ఆ నాలుగు లక్షణాల పరీక్షా ఫస్టు క్లాసులో పాసవుతుంది. కాని అందులో పాట ముందుకేసిన అడుగేది? కింగ్ క్రిమ్సన్ నాయకుడు రాబర్ట్ ఫ్రిప్ 1974లో బృందాన్ని ఆపేసి, 1981లో తిరిగి వచ్చినప్పుడు పాత రూపును పట్టుకు వేళ్ళాడలేదు. కొత్త మనుషులతో కొత్త పద్ధతిలో వాయించాడు. పాత అభిమానులు కొందరికి మింగుడుపడకపోవచ్చు గాని, పేరుకు న్యాయం చేసినది ఆ పనే. లక్షణ గ్రంథం పట్టుకుని పద్యాన్ని తూచేవాళ్ళు మనకు మాత్రం తక్కువా? ఛందస్సు సరిపోతే కవిత్వమైపోదని మనకు ఎప్పుడో తెలుసు.

ఈ వాదంలోకి దిగదలచిన మిత్రులకు చిన్న మనవి. మొదట 'ఎకోస్', ఆ వెంటనే 'క్లోజ్ టు ది ఎడ్జ్', చివర 'డార్క్ సైడ్' వినండి. మధ్యలో ఆపకుండా, మరో పని పెట్టుకోకుండా వినండి. సుమారు గంటన్నర పని. ఆ తర్వాత మీరు "కాదు" అన్నా నాకు పేచీ లేదు. కాదనడానికి మీ చెవి సాక్ష్యం చెప్పాలి. సీనియర్ మాట కాదు, నా వ్యాసమూ కాదు.