మేనేజిమెంటు చదువుకు ప్రవేశ పరీక్ష: రైతు కుటుంబము ముందుగా వేసికొనవలసిన లెక్క

కార్తీకము వెళ్ళు రోజులలో పెనుగొలను ప్రాంతమునకు పోయినవారికి చేలలో పత్తి తీయువారే కనుపించెదరు. మిరపతోటకు మందు కొట్టుట, వరికోతకు కూలీలను కుదుర్చుకొనుట, అన్నియు ఆ రోజులలోనే. సరిగా ఆ నవంబరు ఆఖరులోనే, ఒక ఆదివారమునాడు, దేశమంతట రెండు గంటల పరీక్ష ఒకటి జరుగుచున్నది. దానిని క్యాట్ అందురు. ఐ.ఐ.ఎమ్.లు అను మేనేజిమెంటు విద్యాసంస్థలు వంతులవారీగా దీనిని నడుపుచున్నవి. 2024లో సుమారు 2 లక్షల 93 వేల మంది ఈ పరీక్ష వ్రాసిరి. పల్లెటూరి రైతుకు ఈ పరీక్షతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. పని ఉన్నది.

తిరువూరు దగ్గర పెనుగొలనులో నాలుగెకరముల రైతు ఒకరున్నారనుకొందము. మూడెకరములు పత్తి, ఒక ఎకరము మిరప. అమ్మాయి బాపట్ల వ్యవసాయ కళాశాలలో ఆఖరు సంవత్సరము చదువుచున్నది. అబ్బాయి తిరువూరులో బి.కాం. ఆ రైతు ఒకనాడు గ్రామ వ్యవసాయ సహాయకుని దగ్గరకు పురుగుమందు సంగతి అడుగవచ్చి, లేవబోవుచు ఇట్లనును: "అమ్మాయి ఏదో మేనేజిమెంటు పరీక్ష అంటోందండీ. కోచింగుకూ చదువుకూ కలిపి ఎకరం అమ్మాల్సి వస్తుందా?"

ఈ వ్యాసము ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుటకే. చేను అమ్మిన తరువాత తెలియు సంగతులు, అమ్మక ముందే తెలిసియుండుట మంచిది గదా.

ఏ చదువు, ఎక్కడ?

మేనేజిమెంటు విద్య అనగా కంపెనీల చదువనియు, వ్యవసాయమునకు దానితో పొత్తు లేదనియు అనేకుల అభిప్రాయము. ఇది సరి కాదు. అహ్మదాబాదు ఐ.ఐ.ఎమ్. 1961లో ఏర్పడినది. వ్యవసాయమునకు సంబంధించిన మేనేజిమెంటుకు అక్కడ ప్రత్యేక కేంద్రము ఉన్నది. ఆహార, వ్యవసాయ వ్యాపారములకు రెండేళ్ళ చదువును వేరుగా నడుపుచున్నారు. లక్నో ఐ.ఐ.ఎమ్.లోను ఇట్టి చదువు కలదు. పాల సహకార సంఘములను నడుపుటకు శిక్షణ పొందినవారు కావలెనని వర్గీసు కురియన్ 1979లో ఆనందులో ఇర్మా సంస్థను నెలకొల్పిరి. 2025లో అది త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయముగా మారినది. మనకు దగ్గరలో హైదరాబాదు రాజేంద్రనగరులో 1987లో ఏర్పడిన మేనేజ్ సంస్థ యున్నది. వ్యవసాయము, దాని అనుబంధ శాస్త్రములు చదివిన పట్టభద్రులకు అగ్రిబిజినెస్ మేనేజిమెంటు డిప్లొమాను 1996 నుండి అక్కడ నేర్పుచున్నారు. క్యాట్ ఫలితము చూచి, తరువాత ముఖాముఖి ప్రశ్నలడిగి చేర్చుకొందురు. విశాఖపట్నములో 2015 నుండి ఒక ఐ.ఐ.ఎమ్. ఉన్నది.

కావున మన రైతు కుమార్తెకు బి.ఎస్సి. అగ్రికల్చరు వలన ఒక మేలున్నది. ఇంజనీర్లకు లేని ద్వారములు కొన్ని ఆమెకు తెరచియున్నవి. విత్తనములు, ఎరువులు, శీతల గిడ్డంగులు, రైతు ఉత్పత్తిదారుల సంఘములు, పంటరుణములు చూచు బ్యాంకులు, ఇవన్నియు ఇట్టి చదువు చదివినవారిని తీసికొనుచున్నవి.

అబ్బాయి సంగతి వేరు. అతడు క్యాట్ వ్రాయుటకు అడ్డు లేదు. డిగ్రీలో నూటికి 50 మార్కులు, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని వికలాంగులకును 45 చాలును. ఆఖరు సంవత్సరములో నున్నవారు కూడ వ్రాయవచ్చును. కాని రాష్ట్రములోని కళాశాలలలో ఎం.బి.ఏ. చదువవలెనన్న ఐసెట్ అను పరీక్ష వేరుగా కలదు. అందులో 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. తప్పు జవాబునకు మార్కు తగ్గింపరు. అందుచేత ఐసెట్‌లో ఏ ప్రశ్నను విడువరాదు. క్యాట్ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకము. అది క్రింద చూడగలరు.

ఐసెట్ గురించి ఒక మాట దాచకుండ చెప్పవలసియున్నది. ఆ పరీక్షలో అర్హత పొందుట అంత కష్టము కాదు. 200లో 50 వచ్చిన చాలును. షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆ హద్దు కూడ లేదు. కష్టమంతయు మంచి కళాశాలను ఎంచుటలోనే. పేరు చూచి, బస్సు సౌకర్యము చూచి, తెలిసినవారు చెప్పిరని చేరి, రెండేళ్ళ తరువాత ఇంటికి వచ్చి కూర్చున్న పిల్లలు ప్రతి మండలములోను ఉన్నారు. చేరుటకు ముందు తండ్రియు కొడుకును కలిసి ఆ కళాశాలకు పోయి, నిరుడు చదువు ముగించినవారు ఇప్పుడెక్కడ ఏ జీతమునకు పని చేయుచున్నారో నలుగురి పేర్లు అడిగి, వారితో ఫోనులో మాట్లాడవలెను. విత్తనము కొనునప్పుడు మొలకశాతము అడుగని రైతు ఉండడు. ఇది అట్టిదే.

పరీక్షలో ఏమి ఉండును?

క్యాట్ కంప్యూటరు మీద వ్రాయు పరీక్ష. మూడు భాగములు, ఒక్కొక్క భాగమునకు 40 నిమిషములు. ఒక భాగములో మిగిలిన కాలమును వేరొక దానికి వాడుకొనుటకు వీలు లేదు. 2024లో మొత్తము 68 ప్రశ్నలిచ్చిరి. వానిలో 24 ఆంగ్లభాషకు, 22 పట్టికలు, తర్కము సంగతికి, 22 గణితమునకు. సరియైన జవాబునకు 3 మార్కులు. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుమన్న ప్రశ్నలో తప్పు ఎంచినచో 1 మార్కు పోవును. జవాబును తామే టైపు చేయవలసిన ప్రశ్నలలో తప్పునకు మార్కు పోదు.

గణితమని భయపడనవసరము లేదు. పదవ తరగతి వరకు చెప్పిన లెక్కలే ఎక్కువ. అయితే వానిని మెలిపెట్టి అడుగుదురు. మిరప రైతుకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్పెదము. కోసిన పండు మిరపలో నూటికి 75 పాళ్ళు తేమ యున్నదనియు, ఎండిన తరువాత 10 పాళ్ళు మిగిలినదనియు అనుకొనుడు. 100 కిలోల పండు ఎండిన ఎన్ని కిలోలగును? 75లో 10 తీసివేసి, 65 కిలోలు పోయినవి, 35 కిలోలు మిగిలినవి అని చటుక్కున చెప్పువారే ఎక్కువ. ఎంపికకిచ్చు నాలుగు జవాబులలో ఆ 35 కూడ తప్పక ఉండును! కాని కల్లములో ఎండబోసినవానికి తెలియును: పోవునది నీరే గాని సరుకు కాదు. 100 కిలోలలో సరుకు 25 కిలోలు. ఎండిన కాయలో ఆ 25 కిలోలు నూటికి 90 పాళ్ళు. అనగా మొత్తము బరువు 27.8 కిలోలు. క్వింటాలు 7,000 రూపాయలున్న పత్తి నూటికి 20 పడి, మరల నూటికి 20 పెరిగినచో 7,000కు రాదు. 6,720 వద్దనే ఆగును. ఇట్టివి ఇంటిలో రోజును నలుగు లెక్కలే.

తర్కము అను భాగము కాలువ నీటి వంతుల పంచాయితీ వంటిది. నాలుగు చేలు, సోమవారము మొదలు గురువారము వరకు దినమునకొక చేనికి నీరు. తోటచేనికి పారిన మరునాడే గట్టుచేనికి పారవలెను. దిగువచేనికి మొదటి దినము గాని, ఆఖరు దినము గాని కాదు. ఎగువచేను దిగువచేనికంటె ముందు. అట్లయిన ఎవరిదేనాడు? తోట, గట్టు జంటగా నడుచును. ఆ జంటను నడుమ పెట్టిన దిగువచేనికి చోటు దొరకదు. మొదట పెట్టిన ఎగువచేను వెనుకబడును. కనుక జంట బుధ, గురువారములు. ఎగువ సోమవారము, దిగువ మంగళవారము. కాగితము మీద గళ్ళు గీసికొని ఇట్లు నింపుట ప్రతిదినము అభ్యాసము చేయవలెను. నోటిలెక్కగా చేయబోయినవారు తప్పెదరు.

పల్లె పిల్లలకు నిజముగా అడ్డువచ్చునది ఆంగ్లము. ఈ మాట మెత్తగా చెప్పి లాభము లేదు. ఆ 24 ప్రశ్నలలో 16 ప్రశ్నలు, నాలుగు ఆంగ్ల వ్యాసఖండములు చదివి జవాబు చెప్పవలసినవి. చరిత్ర, అర్థశాస్త్రము, జంతుశాస్త్రము, కళలు, ఏదియైనను రావచ్చును. కోచింగు తరగతిలో మూడు నెలలు కూర్చున్నంత మాత్రమున ఈ చదువు రాదు. ఏడాది పట్టును. దినమునకొక ఆంగ్ల సంపాదకీయము చదివి, పుస్తకము మూసి, వ్రాసినవాడు ఏమి వాదించుచున్నాడో నాలుగు తెలుగు వాక్యములలో వ్రాసికొనవలెను. తెలుగులో చెప్పలేకపోయినచో అర్థము కాలేదన్నమాట, మరల చదువవలెను. శాఖాగ్రంథాలయములో పత్రిక దొరకును. చేతి ఫోనులో కూడ దొరకును. ఐతే ఆ ఫోనులోనే పాడైపోవు గంటలు కూడ ఉన్నవని తలిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

విడిచిపెట్టుట నేర్వవలెను

కాలువకు నీరు చాలని ఏడు తెలివిగల రైతు నాలుగెకరములు నాటడు. రెండెకరములు నాటి, రెండును పండించుకొనును. క్యాట్‌లో కూడ అంతే. ఒకరు 50 ప్రశ్నలు పట్టి, 26 సరిగా, 24 తప్పుగా చేసిరనుకొనుడు. వచ్చినవి 78, పోయినవి 24, మిగిలినవి 54 మార్కులు. వేరొకరు 30 మాత్రమే ముట్టుకొని, 24 సరిగా, 6 తప్పుగా చేసిరి. 72లో 6 పోగా 66. తక్కువ నాటినవారి గాదెలోనే ఎక్కువ గింజలు పడినవి.

నాలుగు జవాబులలో ఏదియు తెలియక గుడ్డిగా ఎంచిన, నాలుగుసార్లకు ఒకసారి 3 వచ్చి మూడుసార్లు 1 చొప్పున పోవును. చేతికి మిగులునది సున్న. ఒక జవాబు తప్పని గట్టిగా తెలిసి, మిగిలిన మూడింటిలో ఎంచిన కొద్దిగా లాభము. అందుచేత అభ్యాస పరీక్ష వ్రాసిన ప్రతిసారి మార్కులు చూచి ఊరుకొనరాదు. తప్పులను వేరు పుస్తకములో వ్రాసి, రానందున తప్పినవి ఎన్ని, తొందరలో తప్పినవి ఎన్ని, విడువవలసినవి పట్టుకొన్నవి ఎన్ని అని లెక్క చూడవలెను. అభ్యాస పరీక్షను ఐ.ఐ.ఎమ్.లే తమ వెబ్‌సైటులో ఉచితముగా పెట్టుచున్నవి. కనుక కోచింగు వద్దనుట లేదు గాని, కోచింగు లేనిదే పరీక్ష లేదనుట మాత్రము అబద్ధము.

ఫలితమును మార్కులతో పాటు పర్సెంటైలుగా చెప్పుదురు. 99 పర్సెంటైలు అనగా నూటికి 99 మార్కులు కాదు. వ్రాసిన నూరు మందిలో 99 మంది వెనుక నున్నారని అర్థము. 2024 లెక్కలో చూచిన, దాదాపు 2,900 మంది లోపల నిలుచుట అన్నమాట. మొదటి ఏడు ఆ మెట్టు అందకపోయినచో సిగ్గుపడవలసినది లేదు.

కాగితములు: గ్రామాధికారుల వంతు

తెలివి చాలక పోవు సీట్లున్నవి. కాగితము చాలక పోవు సీట్లు కూడ ఉన్నవి. రెండవవి గ్రామములోనే ఆపవచ్చును.

ఐ.ఐ.ఎమ్.లు కేంద్రప్రభుత్వ సంస్థలు. షెడ్యూల్డు కులములకు నూటికి 15, తెగలకు 7½, వెనుకబడిన తరగతులకు 27, ఆర్థికముగా వెనుకబడినవారికి 10 చొప్పున సీట్లున్నవి. వెనుకబడిన తరగతుల వారు రాష్ట్రపు బి.సి. పత్రము తీసికొనిపోయిన చెల్లదు. కేంద్ర నమూనాలో నాన్‌క్రీమీలేయరు పత్రము కావలెను. రాష్ట్ర జాబితాలో నున్న కులములన్నియు కేంద్ర జాబితాలో లేవు గనుక ముందుగా అది చూడవలెను. ఈ పత్రమునకు ఆదాయము లెక్కించునపుడు సేద్యపు ఆదాయము, జీతము కలుపరాదు. ఇది తెలియక అన్నియు కలిపి కూడి, పత్రము రాదని పంపివేయుట జరుగుచున్నది.

ఆర్థికముగా వెనుకబడినవారి పత్రమునకు లెక్క వేరు. అక్కడ సేద్యపు ఆదాయము కూడ కలిపి కుటుంబమునకు ఏటికి 8 లక్షల లోపు ఉండవలెను. ఐదెకరములు గాని, అంతకు మించి గాని సాగుభూమి యున్నచో, ఆదాయమెంత తక్కువైనను పత్రము రాదు. వేర్వేరు గ్రామములలోని భూమిని కలిపి చూచెదరు. పట్టణములలోని ఇండ్లకు, స్థలములకు కూడ హద్దులు కలవు. మన రైతుకు నాలుగెకరములే గనుక, ఇతర రిజర్వేషను లేని కుటుంబమైనచో దరఖాస్తు పెట్టవచ్చును. క్యాట్ దరఖాస్తులు సాధారణముగా ఆగస్టు, సెప్టెంబరు నెలలలో తీసికొందురు. జూలైలోనే తహశీలుదారు కచేరీకి కాగితములు చేరిన మంచిది.

ఇక ఎకరము సంగతి. ఐ.ఐ.ఎమ్.లలో రెండేళ్ళ చదువుకు ఫీజు చాల ఎక్కువ. అహ్మదాబాదులో 20 లక్షలు దాటినది. అయినను భూమి అమ్మనక్కరలేదు. 2024 నవంబరులో కేంద్రము ఆమోదించిన విద్యాలక్ష్మి పథకము క్రింద, జాబితాలోని ఉన్నత విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి తాకట్టు, హామీదారు లేకుండ బ్యాంకులు అప్పు ఇయ్యవలెను. కుటుంబ ఆదాయము 8 లక్షల లోపు అయి, వేరు ప్రభుత్వ ఉపకారవేతనము గాని వడ్డీ రాయితీ గాని పొందనివారికి, 10 లక్షల వరకు అప్పు మీద, వాయిదాలు మొదలగువరకు, వడ్డీలో 3 శాతము ప్రభుత్వము భరించును. అప్పు అప్పే, తీర్చవలసినదే. కాని ఆ జాబితాలో లేని కళాశాల, ఉద్యోగములు చూపలేని కళాశాల ఐనచో, దానికై అప్పు చేయుట గాని ఎకరము అమ్ముట గాని మా సలహా కాదు. ఆ మాట కన్నబిడ్డకు చెప్పుట తండ్రికి కష్టమే. అయినను చేరకముందే చెప్పవలెను.

పరీక్ష కేంద్రములలో విజయవాడ ఒకటి. దినమునకు మూడు విడతలు. ఉదయపు విడత 8-30కు మొదలు, 8-15కే తలుపు వేయుదురు. పెనుగొలను నుండి ఆ పొద్దున బయలుదేరుట ప్రమాదము. పత్తి తీతలు ఎంత ముమ్మరముగా నున్నను, తండ్రి ముందు రోజు మధ్యాహ్నమే అమ్మాయితో బస్సు ఎక్కి, ఆ రాత్రికి విజయవాడలో బంధువుల ఇంట నుండవలెను. ఫొటో అంటించిన హాలుటిక్కెట్టు, అసలు గుర్తింపు కార్డు, ఈ రెండును బయలుదేరునపుడు ఒకసారి, పడుకొనునపుడు ఒకసారి చూచుకొనవలెను. చేతి గడియారము, ఫోను లోపలికి రానీయరు. అవి తండ్రి దగ్గర ఉంచిపోవలెను.