విందునకు హాలు ఎట్లు చూడవలెను?

మాఘమాసము సమీపించినది మొదలు మా కార్యాలయమునకు వచ్చు తల్లిదండ్రులు సెలవుచీటితో పాటు ఒక ప్రశ్నను కూడ తెచ్చుచుందురు. "సారూ, పిల్ల పెండ్లి కుదిరింది. రిసెప్షనుకు ఏ హాలు తీసుకోమంటరు?" బడిపంతులును హాలు గురించి అడుగుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని కామాఠీపురాలోను, వర్లీ, లోయర్ పరేలు చాళ్లలోను మనవారి పెండ్లిండ్లకు ఏండ్ల తరబడి వెళ్లుచున్నవారము గనుక, మేము చూచినదియు, లెక్కవేసినదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

పూర్వము ఈ ప్రశ్నయే లేదు. నిజాము రాజ్యమునుండి కట్టడపు పనులకై వచ్చిన కామాఠీల పేరుమీదనే కామాఠీపురా వెలసినది. అంకెలతో పిలువబడు ఆ గల్లీలలో పెండ్లి యనిన గల్లీయే మండపము. ఇరువైపుల గుంజలు నిలిపి పందిరి వేసెడివారు. ఊరినుండి దిగిన చుట్టములు ఎవరి గదిలో చోటున్న వారి గదిలో పండుకొనెడివారు. 1920 ప్రాంతమున కట్టిన బి.డి.డి. చాళ్లలో గది 160 చదరపు అడుగులే. అయినను ఒక్కొక్క కట్టడములో 80 గదులు, నడుమ పొడవైన వరండా. ఆ వరండాలోనే బంతి సాగెడిది. నడవలేని ముసలమ్మ తన గడపలో కూర్చుండియే మనుమరాలి పెండ్లి చూచెడిది.

ఇప్పుడు గల్లీ నిండ బండ్లు. రోడ్డుమీద పందిరి వేయవలెనన్న వార్డు ఆఫీసు అనుమతి, పోలీసుల అనుమతి కావలెను. పాత చాళ్లు కూడ ఒక్కటొక్కటిగా పోవుచున్నవి. 2025 ఆగస్టులో వర్లీ బి.డి.డి. చాళ్లవారిలో మొదట 556 కుటుంబములకు క్రొత్త ఇండ్ల తాళములు ఇచ్చిరి. ఇల్లు పెద్దదైనది, సంతోషమే. కాని పొరుగువారందరు కూర్చుండు వరండా ఆ లిఫ్టు మేడలలో లేదు. కావున హాలు తప్పదు. గల్లీ మనకు ఊరకే ఇచ్చిన వసతులనే ఇప్పుడు డబ్బిచ్చి కొనుచున్నామని గుర్తుంచుకొన్నచో, హాలులో ఏమి చూడవలెనో తానై తెలియును. మనవారు చూచుచున్నది మాత్రము వేదిక వెనుకనున్న పూలగోడను.

కొన్ని ఏండ్ల క్రిందట మా విద్యార్థిని అక్క పెండ్లి విందునకు వెళ్లితిమి. హాలు రెండవ అంతస్తులో నున్నది. చల్లని గాలి, దీపములు, ఎర్ర తివాచీ, దేనికిని లోటు లేదు. లిఫ్టు ఒక్కటే యుండెను. ఆ సాయంకాలము దానిని వంటవారి గిన్నెలకు అప్పగించిరి. పెండ్లికూతురి నాయనమ్మకు మోకాళ్ల నొప్పి. ఆమె మెట్లెక్కలేక క్రింద టాక్సీలోనే కూర్చుండిపోయెను. చివరకు దంపతులే పూలదండలతో దిగివచ్చి టాక్సీ కిటికీలోనుండి అక్షతలు వేయించుకొనిరి. తండ్రి ఆ హాలునకు అప్పుచేసి అద్దె కట్టినాడు. మరుసటి సంవత్సరము చిన్న కొడుకు ఫీజు వాయిదాలలో కట్టెదనని కాగితము పెట్టినపుడు దానిపై సంతకము చేసినవారము మేమే.

ఈ కారణముచేత హాలు చూడబోవువారు వేదికను చివర చూడవలెనని మా సలహా. మొదట భోజనశాలను చూడుడు. అక్కడ ఒక్కసారి ఎందరు కూర్చుండగలరో లెక్కించుడు. ఒక బంతి తినుటకు 35 నిమిషములు, బల్లలు తుడిచి మరల విస్తళ్లు వేయుటకు 10 నిమిషములు, వెరసి 45 నిమిషములు. వచ్చువారు 450 మంది, ఒక బంతికి 100 మంది యనుకొనుడు. అయిదు బంతులు కావలెను, అనగా 225 నిమిషములు. మన ఊరిలో పనినుండి వచ్చి, బట్టలు మార్చుకొని అతిథులు చేరుసరికి ఏడున్నర. చివరి బంతి లేచుసరికి పదకొండుంబావు. అప్పటికి సాంబారు నీళ్లగును, వడ్డించువారి ముఖములు మారును. అదే భోజనశాలలో 150 మంది పట్టినచో మూడు బంతులు, 135 నిమిషములు, తొమ్మిది ముప్పావుకు అందరును చేయి కడుగుకొందురు. పెద్ద హాలు, చిన్న భోజనశాల యున్నచోటి కన్న చిన్న హాలు, పెద్ద భోజనశాల యున్నచోటు మేలు. బఫే పెట్టిన ఈ చిక్కు కొంత తగ్గును. పళ్లెము చేత పట్టుకొని నిలుచుండి తినుట మాకు రుచింపదుగాని, అది మా పాతకాలపు చాదస్తమే కావచ్చును. అట్లు చేయువారు పెద్దలకొరకు నలుబది కుర్చీలైనను బల్లలతో వేయించవలెను. చేతులు కడుగు కొళాయిలు ఎన్ని, స్త్రీల మరుగుదొడ్లు ఎన్ని, నీరు టాంకరుదా, మునిసిపాలిటీదా అనునవి కూడ అప్పుడే అడుగవలెను.

తరువాత మెట్లను చూడుడు. ఇది సౌకర్యముతో ముగియు విషయము కాదు. 1995 డిసెంబరు 23వ తేదీన హర్యానాలోని డబ్వాలీలో ఒక పాఠశాల తన వార్షికోత్సవమును పెండ్లిమండపములో జరుపుకొనుచుండగా షామియానా అంటుకొని 442 మంది మరణించిరి. వారిలో సగమునకు పైగా పిల్లలు. బయటికి పోవుటకు తగిన దారులు లేవు. 2004 జనవరి 23న శ్రీరంగములో పెండ్లి జరుగుచుండగా వీడియో దీపపు తీగనుండి నిప్పు రేగి పందిరికి అంటుకొనెను. పెండ్లికుమారునితో సహ 50 మందికి పైగా పోయిరి. మన లోయర్ పరేలులోనే 2017 డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలో మేడపై ప్రమాదము జరిగి 14 మంది మరణించిరి. వారిలో పలువురు మరుగుదొడ్డిలోనికి పరుగెత్తి పొగలో చిక్కుకొనిరి. ఈ మూడు చోట్లను తలచుకొని హాలువారిని అడుగవలసినవి కొన్ని కలవు. రెండవ మెట్లదారి ఉన్నదా? దానిని సామానుల గదిగా మార్చిరా? తలుపులు బయటికి తెరుచుకొనునా? పందిరి గుడ్డ దీపములకు ఎంత దూరమున నుండును? మహారాష్ట్రలో 2006 నాటి అగ్నినివారణ చట్టము ననుసరించి లైసెన్సుగల సంస్థ ఏటా జనవరి, జూలై నెలలలో పరికరములు పనిచేయుచున్నవని ధ్రువపత్రము ఇయ్యవలెను. దానిని చూపుమని అడిగిన కోపించు హాలు మనకు వద్దు.

దూరము గురించి. మన అతిథులలో కారు గలవారు తక్కువ. భివండీనుండి, సోలాపురమునుండి, కరీంనగరు, పాలమూరులనుండి వచ్చువారు ఎక్కువ. హైదరాబాదు, సోలాపురములనుండి వచ్చు బండ్లు కల్యాణులో, దాదరులో ఆగును. దాదరు పశ్చిమ, మధ్య రైలుమార్గములు రెండింటికిని కూడలి. ఆంధ్ర మహాసభ అక్కడ నుండుట మనవారికి ఎంత మేలో, పిల్లలను వెంటబెట్టుకొని రెండు రైళ్లు మారి వచ్చు తల్లిని అడిగిన తెలియును. కామాఠీపురా వారికి ముంబయి సెంట్రల్, గ్రాంటురోడ్డు, బైకుల్లా స్టేషనులు దగ్గర. శ్రావణమాసపు ముహూర్తములకు ఇంకొక లెక్క కలదు. ఆ మాసము ముంబయి వానలలో పడును. 2005 జూలై 26న శాంతాక్రూజులో ఒక్కరోజున 944 మిల్లీమీటర్లు కురిసినది. అంత వాన రాకపోయినను, దాదరు-పరేలు నడుమ హిందమాతా కూడలివంటి పల్లపు చోట్ల మోకాటిలోతు నీరు నిలుచుట మనకు తెలిసినదే. హాలు మంచిదే, వాకిట నీరు నిలుచునా యని ఎదుటి కిరాణావానిని అడుగుడు. హాలువారు చెప్పరు.

బ్యాండు, మైకు పెట్టువారు వేళను చూచుకొనవలెను. బహిరంగ స్థలములలో రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు లౌడుస్పీకరు కూడదని 2000 సంవత్సరపు నిబంధనలు. మూసిన హాలులో లోపలివారికి మాత్రము వినిపించునట్లు పెట్టుకొనవచ్చును. మేడమీద తోటకు ఆ మినహాయింపు లేదు. నాయర్ ఆసుపత్రివంటి ఆసుపత్రుల చుట్టును, పాఠశాలల చుట్టును ప్రభుత్వము ప్రకటించినచోట 100 మీటర్ల వరకు నిశ్శబ్దమండలము.

ఇక డబ్బు. హాలువారు చెప్పు అద్దె అద్దె కాదు, ఆరంభము. దానిపై 18 శాతము జి.ఎస్.టి., కరెంటు మీటరు ప్రకారము, శుభ్రతకు వేరు, గంట దాటినచో వేరు, తమ వంటవాడు కాక మన వంటవాడు వచ్చినచో దానికి వేరు. ఇవన్నియు కాగితముమీద వ్రాయించుకొని, మొత్తము కూడి, అప్పుడు రెండు హాళ్లను పోల్చవలెను. డిపాజిట్టు ఏ నష్టమునకు పట్టుకొందురో, పెండ్లి వాయిదాపడిన ఎంత తిరిగి ఇత్తురో కూడ అందులో నుండవలెను. నోటిమాటగా "చూసుకుందాం" అన్నవారు తరువాత చూచుకొనినది తమ సంగతినే. ఆదాయపు పన్ను చట్టము క్రింద నమోదైన ధర్మసంస్థ వారి దేవాలయ ప్రాంగణములోని కల్యాణమండపమునకు రోజు అద్దె 10,000 రూపాయలకు లోపైనచో ఆ పన్ను లేదు. ఇది పలువురికి తెలియదు.

ఖర్చు తగ్గించుటకు మేము కనుగొన్న దారి ఒకటి కలదు. పెండ్లికి ముహూర్తము కావలెను గాని విందునకు అక్కరలేదు. పెండ్లి ఊరిలోనో, గుడిలోనో లగ్నమునకు చేసి, ఇక్కడి విందును తరువాతి వారములో పనిదినమున సాయంకాలము పెట్టుకొన్నవారికి అదే హాలు తక్కువకు దొరకుట మేము చూచితిమి. వియ్యపువారు ఏమనుకొందురోయని జంకువారికి ఒక సంగతి చెప్పుదుము. 1873లో జ్యోతీరావు ఫూలే సత్యశోధక సమాజమును స్థాపించి, తక్కువ ఖర్చుతో పెండ్లిండ్లు జరిపింపసాగినపుడు ఆయనకు అండగా నిలిచినవారిలో జాయా కరాడీ లింగు వంటి బొంబాయి తెలుగు కంట్రాక్టరులు కలరు. ఈ నగరమున పెద్ద పెద్ద మేడలు కట్టించినవారు వారు. వారికి చేతకాక కాదు.

అడ్వాన్సు ఇచ్చుటకు ముందు, ఆ హాలులో ఇంకొకరి విందు జరుగుచున్న రోజున రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లి, భోజనశాల వాకిట పది నిమిషములు నిలువుడు. పగటిపూట ఖాళీ హాలును చూపించువాడు చెప్పనిది అక్కడ కనబడును. ఇంటి పెద్దావిడను కూడ వెంట తీసికొని పోవుడు. ఆమె మెట్లు ఎక్కగలిగినచో మాట్లాడవచ్చును.

మన పాఠశాల మూడవ అంతస్తులోని హాలును విందునకు ఇమ్మని ప్రతి సంవత్సరము నలుగురైదుగురు అడుగుచుందురు. అద్దె లేకుండ ఇయ్యవలెననియే మాకును ఉన్నది. కాని దానికి ఒక్కటే మెట్లదారి. అందుచేతనే పిల్లల వార్షికోత్సవమును కూడ అక్కడ జరుపుట మానితిమి. రెండవ మెట్లదారి కట్టించువరకు ఆ హాలును ఎవరికిని ఇయ్యలేము.