‘మా వాడు అసలేం తినడండీ!’ నిజంగానా?

ఎలమంచిలిలో పిల్లల డాక్టరు దగ్గర ఓ సాయంత్రం కూర్చోండి. ‘మా వాడు అసలేం తినడండీ’ అనే మాట వినిపించకుండా ఉండదు. మీరూ ఎప్పుడో అనే ఉంటారు. బాబు నిజంగానే తినడం లేదా, మీరు పెట్టినంత తినడం లేదా? ఈ రెండూ ఒకటి కావు. తేడా తేల్చడానికి పరిశోధకులు వాడే ప్రశ్నావళి ఒకటుంది. దాన్ని తెలుగులోకి తేవాలంటే మాత్రం మాటకు మాట రాస్తే సరిపోదు.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన జేన్ వార్డిల్ బృందం 2001లో దీన్ని ప్రచురించింది. మొత్తం 35 ప్రశ్నలు. జవాబులు చెప్పేది అమ్మానాన్నలే. తిండి కనిపిస్తే ఆగలేకపోవడం, ఇష్టంగా తినడం, కడుపు నిండగానే ఆపేయడం, నెమ్మదిగా తినడం, వంకలు పెట్టడం, తాగడానికి ఏదోటి అడుగుతుండటం, మనసు బాగోనప్పుడు ఎక్కువ తినడం, లేదా తక్కువ తినడం... ఈ ఎనిమిది లక్షణాలను కొలుస్తారు. తల్లులు చెప్పింది నిజమేనా అని 2007లో నాలుగైదేళ్ల పిల్లలు ఎలా తింటున్నారో స్వయంగా గమనించి మరీ సరిచూశారు.

ముద్ద ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు దీన్ని మన ఇంటికి తెద్దాం. పళ్లెంలో అన్నం వదిలేస్తాడా అని అడిగితే ఏం చెబుతారు? మన దగ్గర మూడేళ్ల పిల్లాడికి పళ్లెమెక్కడిది! అమ్మమ్మో నాన్నమ్మో పప్పన్నం కలిపి, ముద్దలు చేసి, వీధరుగు మీద కాకిని చూపిస్తూ పెడుతుంది. ఎంత తినాలో తేల్చేది ఆవిడే. అప్పుడు ‘వదలడు’ అనే జవాబు పిల్లాడి ఆకలిని కాదు, నాన్నమ్మ పట్టుదలను కొలుస్తుంది. అర గంట దాటుతుందా అన్న ప్రశ్నా అంతే. ఫోనులో బొమ్మలు నడుస్తుంటే ఏ భోజనమైనా గంట పడుతుంది.

మాటల చిక్కు సరేసరి. ‘ఆందోళన’ అంటే పుస్తకం మాట. ‘బెంగ పెట్టుకున్నాడు’ అంటే ఏ తల్లికైనా తెలుస్తుంది. కానీ బెంగ వేరు, భయం వేరు, అలక వేరు. జవాబుల్లో ఒక చివర ‘ఎప్పుడూ కాదు’, మరో చివర ‘ఎప్పుడూ’ అని రాస్తే హడావుడిలో ఒకదానికి మరోటి టిక్కు పడుతుంది. ‘అస్సలు లేదు’, ‘ప్రతిసారీ’ అంటే గొడవ ఉండదు.

అందుకే ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మారుస్తారు. తర్వాత కొందరు తల్లులను కూర్చోబెట్టి ‘ఈ ప్రశ్న మీకెలా అర్థమైంది?’ అని అడుగుతారు. నన్నడిగితే అసలు పని ఇదే. కొన్నాళ్లకు అదే తల్లిని మళ్లీ అడిగి జవాబు నిలకడగా ఉందో లేదో చూస్తారు. ఆస్ట్రేలియాలో ఉంటున్న భారతీయ, చైనా తల్లుల విషయంలో ఇది పనికొస్తుందా అని పరీక్షించిన అధ్యయనం 2013లో వచ్చింది.

ఇంకో తేడా కూడా ఉంది. బ్రిటన్‌లో ఈ ప్రశ్నల వెనకున్న దిగులు ఊబకాయం. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అధిక బరువున్నవారు 2.7 శాతం. ‘త్వరగా కడుపు నిండుతుంది’ అనే జవాబుకు అక్కడ ఊరట, ఇక్కడ కంగారు.

అలాగని కుక్కి పెట్టమని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో చేసిన అధ్యయనంలో కొందరు తల్లులకు ఏం పెట్టాలో చెప్పడంతో పాటు, బిడ్డ ఆకలి సైగలను, చాలన్న సైగలను గమనించడం కూడా నేర్పారు. ఆ పిల్లల్లో మానసిక ఎదుగుదల మెరుగ్గా కనిపించింది.

కాబట్టి ఫోనులో దొరికిన ఏదో పట్టిక నింపి, మార్కులు చూసి టానిక్కు కొనకండి. మొదటి ఏడాదిలో పుట్టిన బరువు దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది సుమారు రెండు, రెండున్నర కిలోలే. ఆకలి తగ్గినట్టు అనిపించేది అందుకే. అంగన్‌వాడీలో ఇచ్చిన కార్డు తీసి బరువు గీత చూడండి. గీత పైకి పోతుంటే ముద్దలు లెక్కపెట్టే పని లేదు. గీత ఆగినా, కిందికి దిగినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, తరచూ వాంతులవుతున్నా, ఏడాది దాటినా పాలు తప్ప ఏమీ ముట్టకపోయినా ఆ కార్డు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.